ముప్పై ఏడో డబ్బా

రాజమండ్రి,
9 ఫిబ్రవరి 2025.

అత్తా,

ఉత్తరం అందగానే నీ కోడలు లక్ష్మిని పిలిచి చదివించుకోకు. కళ్ళజోడు వెతుక్కుని నువ్వే చదువు. చెవులు పోయాయి కాబట్టి ఫోను దండగ అన్నది నువ్వే, కళ్ళకి ఇంకా ఢోకా లేదన్నదీ నువ్వే.

నన్ను ఊళ్ళ మీద తిరిగే పని నుంచి తప్పించి కుర్చీలో కూర్చోబెట్టారు. నీకు సంతోషంగా ఉంటుంది గానీ నాకు మాత్రం కాళ్ళు లాగుతున్నాయి. మా ఆఫీసు సంగతి తెలుసు కదా, చుట్టుపక్కల ఎవరికి క్యాన్సర్ వచ్చినా పేరు, ఊరు, ఎప్పుడు తెలిసింది, తర్వాత ఎన్నాళ్ళున్నారు అన్నీ రాసిపెట్టే చోటు. ఇప్పుడు నాకు అప్పజెప్పింది మూత్రాశయం క్యాన్సర్. ఇరవై ఏళ్ళ కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించి రెండు గీతలు గీయాలి. ఏడాదికేడాది ఎంతమందికి వస్తోందన్నది ఒకటి. వచ్చినవాళ్ళలో అయిదేళ్ళు దాటి బతికినవాళ్ళు ఎందరన్నది రెండోది. మా పెద్దసారు సత్యప్రసాద్ గారు పొద్దున్నే వచ్చి నా భుజం మీంచి తొంగిచూసి, "ఏమ్మా లావణ్యా, గీత ఏమైనా దిగిందా?" అంటారు, దాన్ని నేను చేత్తో పట్టుకుని దించగలిగినట్టు.

మగవాళ్ళ గీత ఎత్తున పోతుంది. ఆడవాళ్ళది నేలబారుగా ఉంటుంది. పక్క కుర్చీ సురేంద్ర అది చూసి "మీరు అదృష్టవంతులండీ" అన్నాడు. రెండో గీత చూపించాను. అక్కడ ఆడవాళ్ళే వెనకబడ్డారు. తక్కువమందికే వస్తుంది గానీ వచ్చినవాళ్ళు ఆలస్యంగా తేలతారు. రక్తం పడితే వేడి చేసిందనుకుంటారు, బయట చేరామనుకుంటారు, ఎవరికీ చెప్పరు. పొగాకు ఊపిరితిత్తులతోనే ఆగదనీ, అందులో విషం వడగట్టుకుని మూత్రంలోకి దిగి గంటలకొద్దీ ఆ సంచిలోనే నిలవుంటుందనీ పోయినేడాది నీకు చెప్పాను. నువ్వు చుట్ట వెలిగించుకుంటూ విన్నావు.

అసలు సంగతికి వస్తాను. మార్చిలో మన కొత్తరేవులో రెండో విడత మూత్ర పరీక్షలు పెడుతున్నారు. పోయిన మే నెలలో నువ్వు ఇల్లిల్లూ తిరిగి పోగుచేసిన ఆ నలభైమందినీ మళ్ళీ కూడగట్టాలి. అందరికన్నా ముందు నువ్వే ఇవ్వాలి. నువ్వు ఇచ్చి తీరాలి.

ఒంట్లో ఎలా ఉంది? ఏమైనా తేడా ఉంటే దాచకు.

లక్ష్మికి ఇప్పుడు ఏడో నెలా? వీరబాబుని అడిగానని చెప్పు. మేనరికం కాదని కాలేజీకి పోయిన దాన్ని ఇంకా పేరు పెట్టి పిలవడేమో, అయినా చెప్పు.

నీ మేనకోడలు,
లావణ్య

తా.క. ఒంట్లో సంగతి మాత్రం మర్చిపోకుండా రాయి.


కొత్తరేవు,
21 ఫిబ్రవరి.

చదువులమ్మకి అత్త రాయునది.

ఉత్తరం అందింది. ఒకే ఉత్తరంలో ఒంట్లో ఎలా ఉందని రెండుసార్లు అడిగావు. నాకు ముసలితనం వచ్చిందని ఎవరన్నా నీ చెవిన వేశారా ఏంటి.

రెండో విడత అంటే ఆడోళ్ళు నవ్వుతున్నారు. పోయినేడు నువ్వు తెచ్చిచ్చిన కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడకి తగిలించాను కదా, అదొచ్చి పడింది ఇప్పుడు. తలుపులమ్మ రేవులో నిలబడి ఏమంటుందో తెలుసా? "అచ్చాయమ్మ రోజుకి ఆరు చుట్టలు ఊదుద్ది. దానికే ఏం లేదని రాజమండ్రోళ్ళు రాసిచ్చారు. రెండు కాల్చేదాన్ని నాకెందుకే డబ్బాలు?" అని. అందరూ అదే పాట. నా కాగితం చూసుకుని ఈ రేవులో చుట్టలు పెరిగాయి గానీ తగ్గలేదు.

ఇక ఒంట్లో సంగతి. అడిగావు కాబట్టి రాస్తున్నా, లక్ష్మికి చెప్పకు. సంక్రాంతి ముందు నుంచి ఒకటికి వెళితే ఎర్రగా పడుతుంది. రోజూ కాదు. రెండు రోజులు పడి, పది రోజులు మామూలుగా ఉండి, మళ్ళీ పడుతుంది. నొప్పేం లేదు. ఎండుచేప తిని ఎండలో తిరిగి వేడి చేసిందని సబ్జా నీళ్ళూ బార్లీ తాగుతున్నా. తలుపులమ్మ ఎలా కనిపెట్టిందో చీర మీద మరక కనిపెట్టింది. "ఏంటే అచ్చాయమ్మా, యాభై ఎనిమిదికి మళ్ళీ పెద్దమనిషివయ్యావా? చిమ్మిలి పంచుతావా?" అని రేవంతా వినేలా అంది. నాకు వినపడదనుకుంటుంది. ఇలాంటివి మాత్రం బాగానే వినపడతాయి.

నాకేం భయం లేదు. నీ కాగితం ఉంది కదా.

లక్ష్మికి ఏడో నెలే. పులుపు మానదు. వీరబాబు నీ పేరు పెట్టి పిలవడు గానీ నీ ఉత్తరం వస్తే పోస్టుమాను దగ్గర వాడే తీసుకుంటాడు.

అచ్చాయమ్మ


రాజమండ్రి,
25 ఫిబ్రవరి.

అత్తా,

ఈ ఉత్తరం చదవడం పూర్తవగానే వీరబాబుని వెంటబెట్టుకుని బయలుదేరు. యానాం వచ్చి బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇక్కడ ఉంటారు. డాక్టరు దగ్గర నేను మాట్లాడి పెడతాను.

వేడి కాదు అత్తా. సబ్జా నీళ్ళకి అది ఆగిందని నువ్వు అనుకుంటావు. అది దానంతట అదే ఆగి, దానంతట అదే మళ్ళీ వస్తుంది. అలా ఆగడమే మనుషుల్ని మోసం చేసేది. నా ముందున్న కాగితాల్లో ఆడవాళ్ళ పేర్ల పక్కన "ఎన్నాళ్ళ నుంచి" అనే గడి ఉంది. ఆరు నెలలు, ఎనిమిది నెలలు, ఏడాది. మగవాళ్ళకి అంతుండదు. వాళ్ళు గోడ పక్కన నిలబడి ఎరుపు చూసి హడలిపోయి ఆసుపత్రికి పరిగెత్తుతారు.

లోపలి పొర దాటకముందే పట్టుకుంటే చాలామంది అయిదేళ్ళేం ఖర్మ, ఇంకా ఎన్నో ఏళ్ళు ఉంటున్నారు. కండలోకి దిగితే ఆ లెక్క సగానికి పడిపోతుంది. అందుకే తొందరపెడుతున్నాను.

నీ గోడ మీద కాగితాన్ని నమ్ముకోకు. ఆ పరీక్షలు ఒక్కోసారి తప్పుతాయి. లాబ్‌లో డబ్బాలు తారుమారవుతాయి, చీటీలు ఊడిపోతాయి. పోయినేడాది అక్కడ పని ఎక్కువై ఏదో పొరపాటు జరిగి ఉండొచ్చు. ఆ కాగితం తీసెయ్యి.

శుక్రవారం నీ కోసం బస్టాండులో ఉంటాను.

లావణ్య


కొత్తరేవు,
12 మార్చి.

లావణ్యా,

శుక్రవారం బస్టాండులో నిలబడ్డావని వీరబాబు చెప్పాడు. సాయంత్రం దాకా నిలబడ్డావంట. నేను రాలేదు, రానని ముందే రాయాల్సింది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లాబోళ్ళు తారుమారు చేశారంటావా? మరి నాదొక్కటే చేశారా, నలభై చేశారా? నువ్వు తిన్నగా చెప్పవు. నేను పోయి తలుపులమ్మతో అన్నాను, "మన కాగితాలు తప్పు అయ్యుండొచ్చంట" అని. అదేం చేసిందీ, రేవంతా చాటింది. ఎనిమిదో తారీఖున మీ ఆఫీసోళ్ళు పడవ దిగి తెల్ల డబ్బాలు పట్టుకుని కూర్చుంటే పలికిన మనిషి లేదు. "తప్పు కాగితాలిచ్చేదానికి మళ్ళీ ఎందుకండీ, మాకు పనుల్లేవా?" అని మొహం మీదే అన్నారు. ముగ్గురంటే ముగ్గురిచ్చారు. నేనూ ఇవ్వలేదు.

పోయినేడు ఈ ఆడోళ్ళని ఒక్కొక్కర్నీ బతిమాలి తెచ్చింది నేను. "మా అన్న కూతురు, మన రేవులో డిగ్రీ మీద డిగ్రీ చదివిన పిల్ల, దాని పని నిలబెట్టండే" అని వాళ్ళ గడ్డాలు పట్టుకున్నాను. వలల పాకెనక చీర అడ్డం కట్టి కాపలా కూర్చున్నాను. ఇప్పుడు నువ్వే తప్పంటున్నావు. నన్ను ఎక్కడ నిలబెట్టావో చూసుకో.

ఎరుపు పడుతూనే ఉంది. నిన్న గడ్డ లాంటిది పడింది. లక్ష్మికి మేలో పురుడు. వేట ఆపే రోజులు దగ్గరికొస్తున్నాయి, ఆ రెండు నెలలూ వీరబాబు ఇంటి దగ్గరే ఉంటాడు. పురుడయ్యాక చూద్దాం. పోయినేడు లేని జబ్బు ఒక్క ఏడాదిలో కొండంత అవుద్దా ఏంటి.

అచ్చాయమ్మ


రాజమండ్రి,
15 మార్చి.

అత్తా,

పురుడయ్యే దాకా ఆగొద్దు. ఎందుకు ఆగకూడదో ఇప్పుడు తిన్నగా చెబుతాను. ఇది చదివాక నా మొహం చూడకపోయినా సరే, ఆసుపత్రికి మాత్రం వెళ్ళు.

లాబ్‌వాళ్ళు ఏ తప్పూ చెయ్యలేదు. వాళ్ళు పరీక్ష చేసింది నీది కాదు. నాది.

పోయిన మే పద్దెనిమిదో తారీఖు నీకు గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం రెండయింది. ముప్పై తొమ్మిది డబ్బాలు నిండాయి. చివరిదాకా బెట్టు చేసి, అందరూ వెళ్ళాక, పైటకొంగు కింద దాచిపెట్టుకుని తెచ్చి నా చేతిలో పెట్టావు. "జాగర్తే, ఇందులో నా పరువుంది" అన్నావు. నేను నవ్వాను. నవ్వుతూనే మూత తిప్పాను. సరిగ్గా బిగిసిందో లేదో చూడలేదు. పేర్ల వరసలో ముప్పై ఏడో నంబరు చీటీ నీది. ఐసు పెట్టెలో పెట్టి పడవెక్కాను.

యానాం రేవులో దిగేటప్పుడు పెట్టె ఒక పక్కకి ఒరిగింది. మూత తీసి చూస్తే ముప్పై తొమ్మిది బాగానే ఉన్నాయి. ఒకటి ఖాళీ. అడుగున ఐసు నీళ్ళలో కలిసిపోయింది.

వెనక్కి రావచ్చు. నలభై నిమిషాల పడవ. కానీ అయిదింటికి లాబ్ మూసేస్తారు, మిగతావి పాడవుతాయి. ఇంకో దారి కూడా ఉంది అత్తా, అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. కాగితం మీద "నమూనా అందలేదు" అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెడితే సరిపోయేది. పది రోజుల్లో వేరేవాళ్ళు వచ్చి నీది మళ్ళీ అడిగేవాళ్ళు. ఆ గడి ఉన్నది అందుకే.

నేను టిక్కు పెట్టలేదు. అంతకు ముందు వారమే సత్యప్రసాద్ గారు మీటింగులో, "ఏ ఊరూ నిండుగా రావడం లేదు, ఒక్క ఊరైనా నూటికి నూరు తీసుకురండి" అన్నారు. నలభైకి నలభై తెచ్చిన పిల్ల అనిపించుకోవాలనుకున్నాను. మళ్ళీ నీ దగ్గరికి వచ్చి ఒలికిపోయిందని చెబితే రేవులో నవ్వులాటవుతుందని సిగ్గుపడ్డాను. ఈ రెండిట్లో ఏది ఎక్కువో ఎంత తవ్వుకున్నా తేలలేదు. యానాం బస్టాండు బాత్రూములోకి వెళ్ళి, ముప్పై ఏడో డబ్బా కడిగి, నింపి, మూత బిగించాను. ఈసారి గట్టిగానే బిగించాను.

బస్సులో కడియం దాటేదాకా కిటికీలోంచి నర్సరీల మొక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను. కడియం తర్వాత, నీకేమవుతుందిలే, రాయిలాంటి మనిషివి అనుకున్నాను. రాజమండ్రి వచ్చేసరికి అది నిజమైపోయింది నాకు.

నెల తర్వాత కాగితం నా చేత్తోనే నీకు తెచ్చిచ్చాను. తేడా కణాలు లేవు అని రాసుంది. నీ పేరుంది. ఆ రోజు నువ్వు నాకు రొయ్యలు వండి పెట్టావు. తిన్నాను.

ఇప్పుడు ఒక మాట చెబుతాను, నీకు అర్థమయ్యేలా చెప్పడం రాదేమో. అయిదేళ్ళు ఎందరు బతికారన్న లెక్క జబ్బు తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. అంతకుముందు పోయిన రోజులకి కాగితంలో చోటు లేదు. నువ్వు రేపు పరీక్ష చేయించుకుంటే నీ లెక్క రేపే మొదలవుతుంది. నేను నీ దగ్గర తీసేసుకున్న ఈ పది నెలలూ ఏ గడిలోనూ కనపడవు. ఇరవై ఏళ్ళ కాగితాలు గీత గీసి చూపిస్తే అందరూ మెచ్చుకుంటారు. అందులో నేను చేసింది ఎవరికీ దొరకదు.

అందుకే నీకు రాస్తున్నాను. వెళ్ళు అత్తా. నా దగ్గరికి రావద్దనుకుంటే ఇంకో ఊరు వెళ్ళు.

లావణ్య


రాజమండ్రి,
29 మార్చి.

అత్తా,

రెండు వారాలయింది. తిట్టైనా రాయి. వీరబాబుకి ఫోన్ చేస్తే ఎత్తి, నా గొంతు విని, పెట్టేశాడు. లక్ష్మికి చేస్తే "అత్తగారు ఊళ్ళో లేరండీ" అంది. తనెప్పుడూ నన్ను అండీ అనలేదు. ఎక్కడున్నావో కూడా చెప్పలేదు.

ఎక్కడున్నా, లోపల గొట్టం పెట్టి చూసేటప్పుడు భయపడకు. మత్తిస్తారు.

లావణ్య


కాకినాడ,
6 ఏప్రిల్.

లావణ్యకి,

ఆసుపత్రి మంచం మీద కూర్చుని రాస్తున్నా. అక్షరాలు వంకర పోతున్నాయి. రాజమండ్రి రాకుండా కావాలనే కాకినాడ వచ్చాను. నువ్వు ఆసుపత్రి వరండాలో ఏడుస్తూ నిలబడితే నిన్ను నేను ఓదార్చాల్సొచ్చేది. అందుకు నాకు ఓపిక లేదు.

నీ ఉత్తరం చదివిన రోజు దాన్ని పొయ్యిలో పెట్టాను. కాగితం కూడా గోడ మీంచి తీసి పొయ్యిలో పెట్టాను. ప్లాస్టిక్ కవరు కాలి ఇల్లంతా కంపు. లక్ష్మి వాంతి చేసుకుంది. "ఏంటత్తా అది?" అంటే "పరువే" అన్నాను.

కోపం దేని మీదో తెలుసా? ఒలకబోసినందుకు కాదు. పడవలో ఎవరి చేతిలోదైనా ఒలుకుద్ది. "అత్తా, ఒలికిపోయిందే, ఇంకోసారి ఇవ్వవే" అని నన్ను అడగలేకపోయావు చూడు, అందుకు. నీకు అక్షరాలు దిద్దించింది నేను. వీరబాబుని కాదన్నావని మీ నాన్న కర్ర పట్టుకుంటే అడ్డం నిలబడి కాలేజీకి పంపింది నేను. ఒక్క డబ్బా నన్ను మళ్ళీ అడగలేకపోయావా?

మూడో తారీఖున గొట్టం పెట్టి చూశారు. లోపల కాలీఫ్లవర్ పువ్వులా పెరిగిందంట. గీకి తీశారు. కండలోకి దిగిందో లేదో ముక్క పరీక్ష చేసి చెబుతారు. రెండు వారాలంట. పక్క మంచం ఆవిడది పెనుగొండ, అమ్మవారి కుంకం పెట్టింది. పెట్టించుకున్నాను.

ఇంకో సంగతి. ఇక్కడికి రాకముందు రేవులో ఆడోళ్ళందర్నీ పిలిచాను. నా కాగితం ఎందుకు తప్పయిందో చెప్పాలి కదా, లేకపోతే ఒక్కత్తీ పరీక్షకి రాదు. "పోయినేడు సిగ్గేసి నాది ఇవ్వలేదే. మా కోడలిది పోసి ఇచ్చాను. అందుకే బాగుందని వచ్చింది. మీవి మీవే, మీ కాగితాలు నిజమే, కానీ నాది చూసి మీరు ధైర్యం పడకండి" అన్నాను. ముందు నోరు తెరిచారు, తర్వాత పడీపడీ నవ్వారు. తలుపులమ్మ కింద కూర్చుని మరీ నవ్వింది. లక్ష్మి నా మొహం చూసింది. దానికి తెలుసు నేనడగలేదని.

కాబట్టి నీ పేరు బయటికి రాదు. నోరు మూసుకుని ఉద్యోగం చేసుకో. మన రేవు నుంచి ఆఫీసు కుర్చీలో కూర్చున్న ఆడపిల్ల నువ్వొక్కదానివే.

అచ్చాయమ్మ


రాజమండ్రి,
20 ఏప్రిల్.

అత్తా,

నీ అబద్ధాన్ని రెండు వారాలు దగ్గర పెట్టుకున్నాను. ఎంత సుఖంగా ఉందో చెబితే నీకు రోత పుడుతుంది. రోజూ ఆఫీసుకి వెళ్ళాను, గీత గీశాను, సురేంద్రతో టీ తాగాను. మీ అందరి నవ్వు ఇక్కడికి వినపడుతూనే ఉంది. నిన్ను చూసి నవ్వుతున్నారు. నన్ను చూసి నవ్వకూడదని నేను దాచిందే ఇదంతా.

నిన్న పొద్దున సత్యప్రసాద్ గారి గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి, "ఇప్పుడెందుకు చెబుతున్నావమ్మా? ఎవరికీ తెలియదుగా" అన్నారు.

"మా అత్తకి తెలుసండి."

"ఒక్కటేనా?"

"ఒక్కటేనండి."

"నువ్వు ఒక్కటంటే నేను నమ్ముతాననుకో. కొత్తరేవు వాళ్ళు ఎందుకు నమ్మాలి?"

ఆ నలభై వరుసలనీ లెక్కలోంచి తీసేశారు. ముప్పై తొమ్మిది నిజమైనవి, అవీ పోయాయి. నన్ను పనిలోంచి ఆపేశారు, విచారణ అయ్యాక చెబుతామన్నారు. గీతలు సురేంద్రకి అప్పజెప్పాను. అతను పాపం నా మొహం చూడలేక కంప్యూటర్నే చూస్తూ తలూపాడు.

బయటికి వస్తుంటే సార్‌ని ఇంకొకటి అడిగాను. పోయినేడాది నీది నిజంగా పంపి ఉంటే అప్పుడే దొరికేదా అని. "దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. చిన్నగా ఉన్నప్పుడు ఆ పరీక్షకి చిక్కకపోవడమూ ఉంటుందమ్మా" అన్నారు. నన్ను తేలికపరచాలనే అన్నట్టుంది. కానీ అత్తా, దానితో ఇంకా బరువెక్కింది. నేను తీసింది పది నెలలో, ఏమీ కాదో, నీ ప్రాణమో, ఎప్పటికీ తెలియదు. తెలుసుకునే ఒక్క దారీ యానాం రేవులో ఒలికిపోయింది.

వచ్చే ఆదివారం కొత్తరేవు వస్తున్నాను. ఆడవాళ్ళందరి ముందు నా నోటితో చెబుతాను. నువ్వు వద్దన్నా వస్తాను. నీకు నామీద మిగిలిందేమైనా ఉంటే ఆ అబద్ధం మాత్రం వెనక్కి తీసుకో.

నన్ను క్షమిస్తావా అని అడగాలనుంది. ముక్క పరీక్ష రాకముందు అడగడం న్యాయం కాదు. అయినా అడుగుతున్నాను.

లావణ్య


కొత్తరేవు,
11 మే.

లావణ్యా,

నువ్వొచ్చిన ఆదివారం నేను పాకలో అటు తిరిగి కూర్చున్నానని బాధపడ్డావంట. వీరబాబు చెప్పాడు. అటు తిరిగింది కోపం వల్లే. కానీ నువ్వేం చెప్పావో నాకు ఒక్క ముక్క వినపడలేదు. అంత చిన్న గొంతుతో చెబితే ఎవరికి వినపడుద్ది? సాయంత్రం లక్ష్మి నా చెవిలో అరిచి మొత్తం చెప్పింది. అది అరిచేసరికి నువ్వు మొదట చెప్పినప్పుడు వినని ఇళ్ళోళ్ళు కూడా విన్నారు.

నీ మీద ఎవరూ నవ్వలేదని కూడా చెప్పింది. నవ్వుతారనే కదా నువ్వు భయపడ్డావు. తలుపులమ్మ లేచి, "అయితే మా డబ్బాల్లో ఎవరివి పోశావమ్మా?" అని అడిగిందంట. నువ్వు "మీవే" అన్నావంట. నువ్వు పడవెక్కేదాకా ఎవరూ పలకలేదని చెప్పి లక్ష్మి ఏడ్చింది. దానికి ఈ నెల ఏడుపెక్కువ.

మొన్న ఆరో తారీఖున మీ ఆఫీసోళ్ళు మళ్ళీ వచ్చారు. ముప్పై ముగ్గురిచ్చారు. ఎలా ఇచ్చారనుకున్నావ్? మీవోళ్ళు ఐసు పెట్టె చాపితే ఒక్కత్తి కూడా అందులో పెట్టలేదు. ఎవరి డబ్బా వాళ్ళు ఒళ్ళో పట్టుకుని మూడు పడవల్లో యానాం దాకా పోయారు. అక్కడ వ్యాను దగ్గర వరసగా నిలబడి, చీటీ మీద పేరు చదివించుకుని, మూత తిప్పి చూసి, అప్పుడిచ్చారు. యానాంలో మందు షాపుల ముందు మగోళ్ళు వింతగా చూస్తుంటే తలుపులమ్మ, "మీ చేతుల్లో సీసాలకంటే మా డబ్బాలు నయమే" అందంట. తలుపులమ్మని ఇంకోసారి రమ్మని కబురొచ్చింది. రాయో, ఇంకేంటో చూడాలన్నారు. ఆవిడ రెండు రోజులుగా ఎవర్నీ ఏమీ అనడం లేదు. రేవు బోసిపోయింది.

ముక్క పరీక్ష వచ్చింది. కండలోకి దిగింది.

ముందు మందులెక్కించి, తర్వాత లోపలి మూత్రం సంచి మొత్తం తీసేస్తారంట. పొట్ట మీద కన్నం పెట్టి బయట ప్లాస్టిక్ సంచి తగిలిస్తారంట. ఇక ఒకటికి వెళ్ళే పనే ఉండదు, అదే వచ్చి నిండుద్ది. రోజుకి నాలుగైదు సార్లు పారబొయ్యాలి, మూడు నాలుగు రోజులకోసారి సంచి మార్చాలి, చుట్టూ తోలు ఒరుసుకోకుండా తుడవాలి. డాక్టరు వీరబాబుకి చెబుతుంటే వాడు నేల చూశాడు. కొడుకు చేత అది చేయించుకోలేను. లక్ష్మికి ఇవాళో రేపో పురుడు, చంటిబిడ్డతో అది చెయ్యలేదు.

ఎన్నాళ్ళుంటానని డాక్టర్ని అడిగాను. కాగితం మీద రాయించుకుని చదివాను. సగం మంది అయిదేళ్ళు దాటతారు అని రాశాడు. నువ్వు ముందే రాశావు ఈ మాట, అదే సగం. నేను ఏ సగంలో ఉన్నానో మీ గీతకి తెలీదు కదా. నాకూ తెలీదు. చుట్ట మానేశాను. ఇప్పుడు మానితే ఏం లాభమని మొదట అనుకున్నా, మందులు పట్టాలంటే మానాలన్నారు, మానేశా. నోరు చేదుగా ఉంటుంది.

నీకు ఉద్యోగం లేదు, తీరిక ఉంది. పందొమ్మిదో తారీఖున మందులు మొదలు. ముందు రోజే కాకినాడ రా. రెండు పాత చీరలు తెచ్చుకో, అక్కడ కింద పడుకోవాలి. సంచి మార్చడం నర్సమ్మ నేర్పుతుంది, నేర్చుకో. నేను తిడతాను. పది మందిలోనూ తిడతాను, పడు. జవాబు చెప్పేటప్పుడు మాత్రం గట్టిగా చెప్పు, నాకు వినపడాలి.

క్షమిస్తావా అని అడిగావు. నాలుగు రోజులు ఆలోచించాను. చేశానో లేదో నాకింకా తెలీలేదు. తెలిసేదాకా నా దగ్గరే ఉండు.

నీ అత్త,
అచ్చాయమ్మ